వికాస మనోవిజ్ఞానం వ్యాసం బాగుచేయడానికి తెలుగు వికీపీడియా ఎట్లా పనికొస్తుంది: ఒక సైకాలజీ టీచర్ రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, మిగతాది చదవాలో వద్దో మీ ఇష్టం. ఐదుకి నాలుగు స్టార్లు. మిక్సీ కొంటే రివ్యూ రాస్తారు, బిరియానీ తింటే రాస్తారు, ఊరికే దొరికేదానికి మాత్రం ఎవరూ రాయరు. కానీ తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం బాగుచేద్దామని కూర్చుంటే డబ్బు పోదు గానీ ఆదివారాలు పోతాయి, అందుకే దీనికీ ఒక రివ్యూ ఉండాలనిపించింది. నేను అనంతపురంలో టెట్, డీఎస్సీ రాసే పిల్లలకు సైకాలజీ చెప్తాను. నా క్లాసులో కొందరు అమ్మాయిలు, ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు కలిసి వికాస మనోవిజ్ఞానం (మనిషి పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా ఎట్లా ఎదుగుతాడో చెప్పే శాస్త్రం) గురించి ఒక ముసాయిదా రాసుకొచ్చారు, "మేడమ్, ఇది వికీలో పెట్టొచ్చా, చూడండి" అన్నారు. దాన్ని పెట్టదగ్గట్టు చేసేలోపు ఈ సైటు పరికరాలన్నీ వాడాల్సి వచ్చింది. ఆ వాడకం గురించే ఇది.

అసలు ఈ వ్యాసం ఎవరు చదువుతారో ముందు అనుకోవాలి. నాకు తెలిసి రెండు రకాల వాళ్ళు. ఒకరు టెట్ అభ్యర్థులు. 150 మార్కుల పేపర్‌లో శిశువికాసం, పెడగాజీకి (బోధన పద్ధతులకు) 30 మార్కులు, ఆ టెట్ స్కోరుకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ, కాబట్టి ఎదుగుదలను మెట్లుగా విడగొట్టి చెప్పిన మనోవిజ్ఞానులు పియాజే, ఎరిక్‌సన్ ల దశలు బస్సులో నిలబడి కూడా వల్లెవేస్తారు. రెండో రకం తల్లులు. పక్కింటి పాప నడిచేసింది, మనవాడు ఇంకా గోడ పట్టుకునే తిరుగుతున్నాడు, రాత్రి పదింటికి ఫోన్ తీసి తెలుగులో వెతుకుతారు. వీళ్ళిద్దరికీ ఒకే పేజీ పనికిరావాలి. మా పిల్లల ముసాయిదా మొదటి రకానికి మాత్రమే రాసినట్టుంది, అంటే పరీక్షకు ముందు రోజు తిరగేసే నోట్సు. విజ్ఞాన సర్వస్వం వ్యాసం అట్లా ఉండకూడదు. దానికి ఎవరూ మార్కులు వేయరు కానీ జనం నమ్ముతారు, అదే అసలు టెన్షన్.

సైటు లోపలికి వెళ్ళడం తేలిక. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇప్పుడు బాగా అలవాటైన ఇల్లులా నడుస్తోంది, ఖాతా తెరవడానికి ఈమెయిల్ కూడా తప్పనిసరి కాదు. తెలుగు టైపింగ్ రాని వాళ్ళకు పెట్టెలోనే లిప్యంతరీకరణ ఉంది, కంప్యూటర్‌లో కంట్రోల్, ఎం నొక్కితే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు పడుతుంది. కొత్తగా చేరేవాళ్ళు నేరుగా వ్యాసంలో చెయ్యి పెట్టకుండా ముందు 'ప్రయోగశాల'లో రాసుకోవచ్చు, ఇది నాకు ఎక్కువగా నచ్చిన అంశం, మా పిల్లలకైతే అది పలకే. 'చరితం' ట్యాబులో ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో మొత్తం ఉంటుంది, తప్పు జరిగితే పాత కూర్పు మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఫోన్‌లో చిన్న చిన్న వాక్యాలు దిద్దుకోవడానికి బానే ఉంటుంది, పట్టికల పని మాత్రం కంప్యూటర్ మీదకు పెట్టుకోండి, వేళ్ళతో గళ్ళు సర్దుతూ కూర్చుంటే ఓపిక అయిపోతుంది.

ఇక ఆ ముసాయిదా సంగతి. సగం ఒక కోచింగ్ మెటీరియల్ నుంచి, సగం ఒక అనువాద యంత్రం నుంచి వచ్చింది. చదవగానే తెలిసిపోతుంది. యంత్రం నుంచి వచ్చిన సగం వేరేవాళ్ళ కొలతకు కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టుంది, గుండీలు పడతాయి కానీ భుజాలు కుదరవు. పిల్లలు కిండర్‌గార్టెన్‌కు స్కూల్ బస్సులో పోతారు, మూడో గ్రేడ్‌లో ఫలానాది వస్తుంది, డే కేర్ వల్ల ఫలానా ప్రభావం, అని రాసుంది. మన దగ్గర అంగన్‌వాడీ ఊసే లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద ఆరేళ్ళ లోపు పిల్లలకు తిండి, టీకాలు, బడికి ముందు చదువు ఒకేచోట ఇవ్వాలని దేశమంతా కేంద్రాలు పెట్టారు. తెలుగులో శిశువికాసం గురించి రాస్తూ ఆ మాట లేకపోతే ఎట్లా?

వికీపీడియాలో సొంతంగా ఒక అనువాద పరికరం ఉంది. ఎడమవైపు ఇంగ్లీషు పేరా, కుడివైపు తెలుగు పేరా, లింకులు వాటంతట అవే తెలుగు పేజీలకు మారతాయి, యంత్రం ఇచ్చిన వాక్యాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే హెచ్చరిక కూడా వస్తుంది. పరికరంగా బాగుంది. కానీ నేను కోసిన స్టారు దీని దగ్గరే. ఇంగ్లీషు వ్యాసంలోని మూలాలు కూడా అనువాదంతోపాటు దిగిపోతాయి, అంటే మనం ఎప్పుడూ తెరవని పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా, మన వాక్యం కింద వచ్చి కూర్చుంటుంది. చూసేవాళ్ళకు మనం చదివి రాసినట్టే కనబడుతుంది. ఇది ఎవరూ కావాలని చేసే మోసం కాదు, పని అంత సులువైపోయినప్పుడు చెయ్యి ఆగదు. నా పద్ధతి చెప్తాను, నచ్చితే పాటించండి: అనువాద పరికరాన్ని వ్యాసం అస్థిపంజరం చూసుకోవడానికి వాడండి, ఏ శీర్షికలు ఉన్నాయి, ఏ క్రమంలో ఉన్నాయి, అంతవరకే. వాక్యాలు మూలం తెరిచి మీరే రాయండి. మూలం దొరక్కపోతే ఆ వాక్యం వద్దు.

మూలాల పెట్టె దగ్గరకొస్తే, దీనికి ఐదుకి ఐదు. 'ఉల్లేఖించు' నొక్కి పుస్తకాన్ని గుర్తుపట్టే ఐఎస్‌బీఎన్ నంబరు గానీ పరిశోధన పత్రాన్ని గుర్తుపట్టే డీఓఐ నంబరు గానీ వేస్తే రచయిత, సంవత్సరం, ప్రచురణకర్త అన్నీ చాలావరకు తనే నింపుకుంటుంది. మన పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి చేత్తో నింపాలి, కాస్త విసుగే, కానీ పది నిమిషాల పని. తెలుగు అకాడమి బీఈడీ, డిగ్రీ సైకాలజీ పుస్తకాలు అనంతపురంలో ఏదో ఒక లైబ్రరీలోనో సీనియర్ టీచర్ల ఇంటి అటక మీదో దొరుకుతాయి, అవి పనికొస్తాయి. కోచింగ్ మెటీరియల్ మూలంగా పనికిరాదు. ఇది కొందరికి కోపం తెప్పిస్తుంది, తెలుసు, నేను కూడా మెటీరియల్ రాసి ఇచ్చేదాన్నే. కానీ దాంట్లో ఏ మాట ఎక్కడ నుంచి వచ్చిందో ఉండదు. ఒక ఉదాహరణ చూడండి. స్కఫోల్డింగ్ అనగానే మన అభ్యర్థులు కళ్ళు మూసుకుని వైగాట్‌స్కీ అని గుర్తు పెడతారు. రష్యన్ మనోవిజ్ఞాని వైగాట్‌స్కీ 1934లో, 37 ఏళ్ళకే, క్షయతో చనిపోయాడు. పిల్లవాడి పనికి పెద్దవాళ్ళు ఇచ్చే ఆసరాను ఆ పేరుతో పిలిచింది డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్, 1976లో. చిన్న పిల్లలతో చెక్క దిమ్మెల గోపురం కట్టిస్తూ పక్కనున్న టీచరు ఎప్పుడు సాయం చేస్తుంది, ఎప్పుడు వెనక్కి తగ్గుతుంది అని చూశారు. వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలానికి, అంటే పిల్లవాడు ఒంటరిగా చేయలేక సాయంతో చేయగలిగే పనుల పరిధికి, ఇది బాగా అతుకుతుంది కాబట్టి తర్వాతి కాలం వాళ్ళు రెండింటినీ కలిపేశారు. పరీక్షలో కీ ఏమిస్తే అదే గుర్తు పెట్టండి, మార్కు పోగొట్టుకోమని నేను చెప్పను, కానీ వ్యాసంలో మాత్రం ఎవరిది వాళ్ళకే ఇవ్వాలి.

పియాజే భాగం మీద ఎక్కువ సమయం పెట్టాం, పెట్టాలి కూడా. ముసాయిదాలో నాలుగు దశలు, నాలుగు వయసులు, పట్టిక, అయిపోయింది. ఆ పట్టిక చదివితే పిల్లలు పుట్టినరోజు నాడు ఒక దశలోంచి ఇంకో దశలోకి దూకుతారనిపిస్తుంది. ఇది ఎట్లా తెలిసిందో చెప్పకుండా దశలు చెప్తే ఏం లాభం? పియాజే తన ముగ్గురు పిల్లలు జాక్లిన్, లూసియెన్, లారెంట్ ఆడుకుంటుంటే పక్కన కూర్చుని రాసుకున్న నోట్సే శైశవం గురించి ఆయన చెప్పినదానికి పునాది. ఆ ఒక్క మాట పెడితే చదివేవాడికి రెండు విషయాలు ఒకేసారి అర్థమవుతాయి: ఎంత దగ్గరగా చూశాడో, ఎంత తక్కువమందిని చూశాడో.

సంఖ్య పదిలంగా ఉంటుందన్న భావన, అంటే వరుస మార్చినా లెక్క మారదన్న ఎరుక, గురించి మా క్లాసులో శెనక్కాయలతో చేసి చూపిస్తాను. అనంతపురంలో వాటికేం కొదవ. రెండు వరుసల్లో సమానంగా పేర్చి, నాలుగైదేళ్ళ పాపను అడిగితే రెండూ ఒకటే అంటుంది. ఆమె ముందే ఒక వరుసను దూరం దూరంగా జరిపి మళ్ళీ అడగండి. "ఇవే చానా ఉండాయి!" అని పొడుగు వరుస చూపిస్తుంది. ఇక్కడిదాకా మెటీరియల్‌లో ఉంటుంది. ఇక్కడ నుంచి ఉండదు, వ్యాసానికి కావాల్సింది అదే. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇదే ప్రయోగంలో ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మను తెచ్చారు. పెద్దవాళ్ళు కావాలని జరపడం కాకుండా ఆ బొమ్మ వచ్చి అనుకోకుండా వరుస చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు సరిగ్గా చెప్పిన పిల్లలు చాలా ఎక్కువ. ఎందుకంటే టీచర్ తన చేత్తో ఏదో మార్చి అదే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమో, మార్చమంటున్నారేమో అని పిల్ల అనుకుంటుంది. మన బడుల్లో అయితే ఇంకా. "మళ్ళీ చెప్పు" అంటే తప్పు చెప్పావని అర్థం, ఆ సంగతి ఒకటో తరగతి పిల్లోడిక్కూడా తెలుసు.

అట్లాగే పియాజే దశల పై చివర. 11 ఏళ్ళు దాటగానే అమూర్త ప్రచాలక దశ (కంటికి కనబడనివాటి గురించి తర్కించగలిగే దశ), అంతే, అని రాసుంది. పియాజేనే 1972లో దీన్ని సడలించాడు. 15 నుంచి 20 ఏళ్ళ మధ్య రావచ్చు, అదీ మనిషి ఏ పని నేర్చుకున్నాడో ఆ రంగంలోనే ముందు కనబడవచ్చు అన్నాడు. మెకానిక్ షాపులో పనిచేసే కుర్రాడు ఇంజిన్ చప్పుడు విని నాలుగు కారణాలు ఊహించి ఒక్కొక్కటీ కొట్టిపారేస్తాడు, అదే కుర్రాడు బీజగణితం లెక్క ముందు బిగుసుకుపోతాడు. కింది చివర కూడా అంతే, వస్తువు కనబడకపోయినా ఉంటుందన్న సంగతి పాపలకు ఎనిమిది నెలల దాకా తెలియదని పియాజే లెక్క. 1985లో బెయార్జాన్, స్పెల్కీ, వాసర్‌మన్ తెర వెనక దాచిన వస్తువు అక్కడ లేనట్టు జరిగితే అయిదు నెలల పాపలు ఎంతసేపు తేరిపార చూస్తున్నారో కొలిచి, అంతకు ముందే ఏదో ఎరుక ఉందన్నారు. దాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, చూపు నిలవడానికి వేరే కారణాలుంటాయని. ఈ వాదనలను చివర్లో 'విమర్శలు' అని ఒక మూలకు నెట్టకుండా ఏ సిద్ధాంతం పక్కన దాన్ని పెట్టమన్నాను. చివరి శీర్షిక దాకా ఎవరు చదువుతారు, నిజం చెప్పండి.

శెనక్కాయల ప్రయోగం ఫొటోలతో సహా వ్యాసంలో పెడదామని మా పిల్లలు ఉబలాటపడ్డారు. కుదరదు. వికీపీడియాలో సొంత పరిశోధనకు చోటు లేదు, ఇంకెక్కడో ప్రచురితమై నలుగురూ సరిచూసుకోగలిగిందే రాయాలి. మొదట్లో ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ పిల్లల పెంపకం లాంటి విషయంలో ఈ నియమం తీసేస్తే ఏమవుతుందో ఊహించండి, మా అవ్వ చెప్పింది, మా మామ చెప్పాడు, ఫలానా పొడి తాగిస్తే మాటలొస్తాయి, అన్నీ వచ్చి పడతాయి. నియమం ఉండటమే మంచిది. శెనక్కాయలు క్లాసులోనే ఉంటాయి. ఫొటో ఒక్కటి మాత్రం, పిల్లల ముఖాలు లేకుండా, వరుసలు మాత్రమే కనబడేట్టు తీసి, మనమే తీసింది కాబట్టి స్వేచ్ఛా లైసెన్సుతో కామన్స్‌లోకి, అంటే వికీపీడియా బొమ్మల గోదాములోకి, ఎక్కించవచ్చు. బొమ్మగా అది ప్రయోగం ఎట్లా ఉంటుందో చూపిస్తుంది, ఫలితం ఏమిటో చెప్పదు, కాబట్టి నియమానికి అడ్డం రాదు.

ఎవరి పిల్లల గురించి మాట్లాడుతున్నాం అన్న ప్రశ్న ఈ వ్యాసంలో ప్రతి పేరాకూ వేయాలి. కోల్‌బర్గ్ నైతిక వికాస దశలు, అంటే తప్పొప్పుల ఆలోచన వయసుతో ఎట్లా మారుతుందో చెప్పేవి, మనవాళ్ళకు కంఠోపాఠం. అవి మొదలైంది 1958లో షికాగో ప్రాంతానికి చెందిన 72 మంది మగపిల్లలతో. ఆడపిల్ల ఒక్కతె కూడా లేదు. 1982లో కెరోల్ గిలిగన్ అడిగింది ఇదే, ఇందులో ఆడవాళ్ళ ఆలోచన ఎక్కడ అని. అయితే ఆ తర్వాత జరిగిన చాలా అధ్యయనాల్లో ఆడా మగా మధ్య ఆమె అనుకున్నంత పెద్ద తేడా కనబడలేదు, ఆ మాట కూడా రాయాలి, ఒకరిని దింపడానికి ఇంకొకరిని ఎక్కించడం వ్యాసం పని కాదు. మేరీ ఎయిన్స్‌వర్త్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తల్లీబిడ్డల అనుబంధం మీద ఆమె పని అమెరికాలోని బాల్టిమోర్‌తోనే అందరికీ తెలుసు. అంతకు ముందు 1954లో ఉగాండా పల్లెల్లో ఇళ్ళకు వెళ్ళి చూసింది. ఆ తర్వాతే కొత్త గదిలో తల్లి కాసేపు బయటికి పోయి మళ్ళీ వస్తే బిడ్డ ఏం చేస్తుందో చూసే ప్రయోగం. అదే గదిని ప్రపంచమంతా తిప్పారు. 1988లో వాన్ ఐజెన్‌డోర్న్, క్రూనెన్‌బర్గ్ 8 దేశాల 32 అధ్యయనాలను కలిపి చూస్తే, అనుబంధం తీరులో దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడా కంటే ఒకే దేశం లోపలి తేడా ఎక్కువని తేలింది. ఆ 8 దేశాల్లో ఇండియా లేదు. అవ్వ చంకలోంచి పిన్ని చంకలోకి, అక్కడ నుంచి ఎదురింటి అక్క చంకలోకి తిరిగే మన పాపకు, తల్లి లేని గదిలో ముక్కూ మొహం తెలియని మనిషితో ఉండడం అంటే ఏమిటో నాకైతే తెలుసుకోవాలని ఉంది.

ఇది మన గొణుగుడు మాత్రమే కాదు. 2008లో అమెరికా మనస్తత్వ సంఘం పత్రికలను తిరగేసి జెఫ్రీ ఆర్నెట్ తేల్చింది ఏమిటంటే, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళు, ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. ఈ ఒక్క వాక్యం మొదటి పేరాల్లోనే ఉండాలని నేను పట్టుబట్టాను. వ్యాసంలో మన దేశం నుంచి పెట్టదగ్గవి లేకపోలేదు. బరోడాలో ప్రమీలా ఫాటక్ బృందం మన పిల్లలనే పరీక్షించి తయారుచేసిన వికాస కొలమానాన్ని ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. సుధీర్ కాకర్ భారతీయ బాల్యం మీద మనోవిశ్లేషణ కోణంలో రాశారు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ప్రస్తావన ఉండాల్సిందే.

ఇప్పుడు తల్లుల సంగతికి వస్తా. నేను సైకాలజీ చెప్తానని తెలిసి వీధిలో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడమ్, మా పిల్లోడికి ఏడాది నిండింది, ఇంకా నడవడం లేదు, ఏమన్నా ఉందంటారా?" దీనికి బంగారంలాంటి మూలం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు చేసిన ఎదుగుదల అధ్యయనంలో నడక, కూర్చోవడం లాంటివాటిని అయిదు దేశాల్లో గమనించారు: ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, మన ఇండియా నుంచి ఢిల్లీ. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, తనంతట తాను నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. కొద్దిమంది పిల్లలు, నూటికి నలుగురు అనుకోండి, మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వచ్చేశారు. ఒక నెల పేరు పెట్టి ఈ నెలకు ఇది రావాలి అని రాసే పట్టికల కంటే ఈ పరిధి ఎంత మేలో చూడండి. ఏడాదికి నడవని పిల్లోడి తల్లి ఇది చదివి ఆ రాత్రి నిద్రపోతుంది. పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోతే డాక్టరుకు చూపించాలి, వచ్చిన పని మళ్ళీ పోతే, అంటే మాటలు వచ్చి ఆగిపోతే, ఏ వయసైనా సరే వెంటనే చూపించాలి. వ్యాసం సలహా ఇవ్వకూడదు, సమాచారమే ఇవ్వాలి, కాబట్టి ఈ చివరి మాట ఇక్కడ నా రివ్యూలో రాస్తున్నా.

సర్వీసు ఎట్లా ఉందంటారా. ఇక్కడ సర్వీసు అంటే మనుషులే, జీతం లేని వాడుకరులు. ప్రతి వ్యాసానికీ ఒక చర్చా పేజీ ఉంటుంది, సాధారణ సందేహాలకు 'రచ్చబండ' ఉంది, పేరు పెట్టినవాళ్ళకు దండం పెట్టాలి. చర్చా పేజీలో ఒక పేరా ఎందుకు తీశామో ముందే రాసి పెడితే తర్వాత తగువు రాదు. అభ్యర్థుల భాషలో "ముఖ్యమైన బిట్లు" అని ఎవరన్నా చేర్చితే ఎవరో ఒకరు వచ్చి తీసేస్తారు, పొగడ్త మాటలు తీసేస్తారు, 'ఆధారం చూపాలి' అని తగిలించి పోతారు. కోచింగ్‌లో మేము చెప్పిందానికి ఎవరూ ఎదురు అడగరు కదా, అందుకే మా పిల్లలకు అదొక కొత్త అనుభవం. నాకు మాత్రం మంచిదనిపించింది. ఉపాధ్యాయులు కాబోయేవాళ్ళు ఆ ప్రశ్న ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

ఇంకో రెండు విషయాలు చాలామందికి తెలియవు. ఆరు నెలల పాత ఖాతా, 500 మార్పులు, గడిచిన నెలలో 10 మార్పులు ఉంటే వికీపీడియా లైబ్రరీ అని ఒకటి తెరుచుకుంటుంది, డబ్బు కట్టి చదవాల్సిన పరిశోధన పత్రికలు అందులో ఊరికే చదవొచ్చు. యూనివర్సిటీ లాగిన్ లేని నాలాంటి వాళ్ళకు ఇది మామూలు సంగతి కాదు. రెండోది కివిక్స్, తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఫోన్‌లోకి దించుకుని నెట్ లేకుండా చదివే యాప్. సిగ్నల్ అందని ఊళ్ళలో పనిచేసే టీచర్లకు చెప్పండి. దించుకున్నది ఆ రోజు వరకే, కొత్త మార్పులు కావాలంటే మళ్ళీ దించుకోవాలి.

ఎవరికి వద్దంటానంటే, వారంలో పరీక్ష పెట్టుకున్నవాళ్ళకు వద్దు, ముందు పరీక్ష రాయండి. పేరు రావాలనుకునేవాళ్ళకూ వద్దు, వ్యాసం కింద మీ పేరు ఉండదు, చరితంలో ఎక్కడో ఉంటుంది. ఒక విషయం చెప్పడానికి నాలుగు పుస్తకాలు తెరిచే ఓపిక ఉన్నవాళ్ళకు మాత్రం ఇంతకంటే మంచి చోటు తెలుగులో నేను చూడలేదు.

మాకు ఇంకా కౌమారం, వృద్ధాప్యం భాగాలు మిగిలున్నాయి. మన దగ్గర వికాసం అంటే పదో తరగతితో ఆపేస్తాం, కానీ ఎరిక్‌సన్ ఎనిమిది దశల్లో చివరి మూడు పెద్దవాళ్ళవే. పెద్ద వయసు గురించి తెలుగులో మూలాలు తక్కువ దొరుకుతున్నాయి. మీ దగ్గర తెలుగు అకాడమి పాత వికాస మనోవిజ్ఞానం పుస్తకం ఉంటే ప్రచురణ సంవత్సరం, పేజీ నంబరు చర్చా పేజీలో వేయండి. వాక్యం మేము రాసుకుంటాం, పేజీ నంబరు లేకుండా మాత్రం పంపకండి.